తాళంచెవి మనకు, లోడు వాళ్ళకు



ఇది ఈ వరుసలో 9వ భాగం. గత భాగంలో హాస్టల్ సరుకుల టెండర్ల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి రోడ్డెక్కుదాం.

ఈ ఫోటో మీరంతా చూసే ఉంటారు. కలెక్టరేట్ ముందు మైదానం. వరసగా కొత్త బండ్లు. బంతిపూల దండలు, బానెట్ మీద పసుపు కుంకుమ, అద్దానికి పథకం పేరుతో స్టిక్కర్. మంత్రిగారి చేతిలో అట్టతో చేసిన పెద్ద తాళంచెవి. మనవాడు రెండు చేతులూ చాచి దాన్ని అందుకుంటాడు. జెండా ఊపుతారు, బండ్లు కదులుతాయి, చప్పట్లు. పార్టీలు మారాయి, రాష్ట్రం రెండయింది, ఆ ఫోటో మాత్రం మారలేదు.

ఆ బండ్లు మైదానం గేటు దాటాక ఎటు పోయాయి? ఏడాది తర్వాత ఎన్ని మనవాళ్ళ చేతుల్లో ఉన్నాయి, ఎన్ని ఫైనాన్స్ వాళ్ళ యార్డులో ఎండకి ఎండుతున్నాయి, ఎన్ని మన పేరు మీదే ఉండి ఇంకొకడి ఇంటి ముందు నిలబడుతున్నాయి? ఆ రెండో ఫోటో తీయడానికి ఏ సమాచార శాఖా రాదు.

నాతో మాట్లాడే విద్యార్థుల్లో చాలామంది ఇప్పుడు ఇదే అడుగుతున్నారు. "నోటిఫికేషన్ కోసం ఇంకెన్నేళ్ళు చూడాలి? హెవీ లైసెన్సు తీసుకుని సొంతంగా ఒక బండి పెట్టుకుంటే ఎట్లా ఉంటుంది?" మంచి ప్రశ్న. పాలేరు కొడుకు క్లీనర్, క్లీనర్ కొడుకు డ్రైవర్ అయిన ఇళ్ళ నుంచి ఓనర్ అనే మాట వినబడడమే చిన్న సంగతి కాదు. అందుకే తిప్పకుండా జవాబు చెప్తాను. ముందు కాగితాల సంగతి, తర్వాత అసలు సంగతి.

కాగితాలు ఇవీ. సరుకు రవాణా బండి నడపాలంటే 20 ఏళ్ళు నిండాలి. మామూలు కారు లైసెన్సు, అంటే ఎల్‌ఎంవీ, చేతికొచ్చి ఏడాది అయ్యాకే ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు లెర్నర్ ఇస్తారు. డాక్టర్ సర్టిఫికెట్, డ్రైవింగ్ స్కూల్ సర్టిఫికెట్, ఆ పైన టెస్టు. ఆ లైసెన్సు 5 ఏళ్ళకోసారి రెన్యువల్. చిన్న బండితో మొదలుపెట్టేవాళ్ళకు ఒక మంచి తీర్పు ఉంది, గుర్తుపెట్టుకోండి. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం, 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపొచ్చని తేల్చేసింది. అంతకుముందు యాక్సిడెంట్ అయితే "నీ లైసెన్సులో ట్రాన్స్‌పోర్ట్ ముద్ర లేదు" అని ఇన్సూరెన్స్ కంపెనీలు చేతులు దులుపుకునేవి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని టాటా ఏస్ లాంటి బండికి పర్మిట్ కూడా అక్కర్లేదు. అది మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్‌లోనే రాసి ఉంది. బ్రేకిన్‌స్పెక్టర్ అడిగితే ఆ సెక్షన్ నంబర్ చెప్పండి.

లారీ అయితే లెక్క వేరు. రిజిస్ట్రేషన్, మూడు నెలలకోసారి క్వార్టర్ ట్యాక్స్, 8 ఏళ్ళ దాకా రెండేళ్ళకోసారీ ఆ తర్వాత ప్రతి ఏటా ఫిట్‌నెస్. రాష్ట్రాలు దాటాలంటే నేషనల్ పర్మిట్, ఏడాదికి 16,500 రూపాయలు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే, 20 నుంచి 40 టన్నుల బండికి, 2022 జూన్ నుంచి అమలైన రేటు ప్రకారం ఏడాదికి 43,950. దాని మీద జీఎస్టీ. బండి ఒక్క కిలోమీటరు తిరగకపోయినా ఇవన్నీ కట్టాల్సిందే.

కాగితాల దగ్గర కులం లేదని నేననను. 2019 దాకా ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలనే నిబంధన ఉండేది. చూడ్డానికి అందరికీ ఒకటే నిబంధన. ఎనిమిదికి ముందే బడి మానేసి పశువుల వెంట, పత్తి చేలల్లోకి పోయింది ఎవరి పిల్లలు? ఆ నిబంధన వల్ల మనవాళ్ళు స్టీరింగ్ పట్టుకోవడం మానలేదు. పట్టుకున్నారు, రాత్రిపూట, ఓనర్ చెప్పినప్పుడు. లైసెన్సు లేదు కాబట్టి జీతం మాత్రం క్లీనర్ జీతమే. చెక్‌పోస్టు దగ్గర పట్టుబడితే తప్పు వాళ్ళదే.

ఇక పాత బండి. మనం కొత్తది కొనలేం, మూడు చేతులు మారింది కొంటాం. మల్టీ యాక్సిల్ కాని లారీకి 12 ఏళ్ళు దాటితే నేషనల్ పర్మిట్ రాదు. 15 ఏళ్ళు దాటిన లారీ ఫిట్‌నెస్ రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 1,500 నుంచి 12,500 చేశారు. పొగ తగ్గాలి, నేనూ ఒప్పుకుంటా. కానీ ఆ పొగ బిల్లు, చివరగా బండి కొన్నవాడి చేతిలో పెట్టడం ఏ న్యాయం? ముందు కొన్నవాళ్ళు పదేళ్ళు లాభం తీసుకుని వెళ్ళిపోయారు.

సరే, ఇవన్నీ దాటొచ్చు. కష్టమే గానీ దాటొచ్చు. మనవాళ్ళు దాటారు కూడా. నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఆర్టీవో ఆఫీసులో దొరికే ఏ కాగితమూ మీకు లోడు ఇవ్వదు. లోడు లేని లారీ వ్యాపారం కాదు, నెలనెలా వాయిదా అడిగే ఇనుము.

లోడు ఎవరిస్తారు? మిల్లు ఓనర్ నేరుగా ఇవ్వడు, ఫ్యాక్టరీ నేరుగా ఇవ్వదు. మధ్యలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీస్ ఉంటుంది. ఒక గది, ఒక టేబుల్, రెండు ఫోన్లు, ఒక ఎల్‌ఆర్ బుక్కు. ఎల్‌ఆర్ అంటే లారీ రసీదు. సరుకు ఎవరిది, ఎక్కడికి, ఎంత, కిరాయి ఎంత అని రాసిచ్చే కాగితం. ఆ గదిలో కూర్చున్నవాడికి ఒక్క లారీ ఉండాల్సిన పని లేదు. చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. జీఎస్టీ చట్టంలో ఎల్‌ఆర్ రాసేవాడు ఏజెన్సీ. రాయకుండా ఉత్త లారీ తిప్పేవాడి కిరాయి మీద పన్నే లేదు. పన్ను లేదంటే సంతోషించేరు. లెక్కలోకి తీసుకోదగ్గ వ్యాపారి నువ్వు కాదని దాని అర్థం. 2007లో వచ్చిన రోడ్డు రవాణా చట్టం ప్రకారం, పదిమంది సరుకు రసీదు మీద తీసుకుని, నిలవ చేసి, పంపే పని చేసేవాడు కామన్ క్యారియర్‌గా రిజిస్టర్ చేసుకోవాలి. ఆ రిజిస్ట్రేషన్ 10 ఏళ్ళు చెల్లుతుంది. చేసేది కూడా రవాణా శాఖే.

ఇప్పుడు ఆలోచించండి. లైసెన్సు ఇప్పిస్తామన్న పథకం చూశాం. బండి ఇప్పిస్తామన్న పథకం చూశాం. మన పిల్లలకు కామన్ క్యారియర్ రిజిస్ట్రేషన్ చేయించి, ఒక గది చూపించి, ఎల్‌ఆర్ బుక్కు చేతిలో పెట్టి, మొదటి ఏడాది ప్రభుత్వ సరుకు అప్పగిస్తామన్న మంత్రిని ఎవరినైనా చూశారా? నేను చూడలేదు. స్టీరింగ్ ఇవ్వడానికి వాళ్ళకు అభ్యంతరం లేదు. స్టీరింగ్ అంటే చాకిరీ. పెన్ను ఇవ్వడానికి మనసొప్పదు. పెన్ను అంటే అధికారం.

నా దగ్గర డిగ్రీ చదువుకున్న ఒక తమ్ముడి సంగతి చెప్తాను. పేరు, ఊరు వద్దు. వాళ్ళ నాన్న ఇరవై ఏళ్ళకు పైగా ఒకే ఓనర్ దగ్గర లారీ డ్రైవర్. తమ్ముడు ప్రైవేటు ఫైనాన్స్‌లో పాత పది టైర్ల లారీ ఒకటి తీసుకున్నాడు. ఒక సిమెంట్ ఫ్యాక్టరీ దగ్గర లోడింగ్ కోసం అక్కడి లారీ ఓనర్ల సంఘం ఆఫీసుకు పోయాడు. అక్కడ సీరియల్ పద్ధతి. సంఘంలో సభ్యుడైతేనే సీరియల్‌లో నంబర్, నంబర్ ఉంటేనే లోడు. సభ్యత్వం అడిగితే ఆర్సీ చూడలేదు, పర్మిట్ చూడలేదు. "ఏ ఊరబ్బాయ్? ఇంటిపేరేంది? ఎవరి తాలూకు?" అన్నారు. చెప్పాడు. చెప్పాక ఒక పెద్దమనిషి చాలా ప్రేమగా అన్నాడట: "మీ నాయన ఫలానా ఆయన బండి మీద చేసేటోడు గదా, మంచోడు. నీకెందుకు బిడ్డా ఈ అప్పుల తలనొప్పి? ఆయన దగ్గర్నే చేరరాదూ? జీతం, బత్తా టయానికి వస్తయి."

ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, కులం పేరు ఎత్తలేదు. అట్రాసిటీ చట్టం కింద కేసు పెడదామంటే ఏ మాట పట్టుకుని పెడతారు? "మంచోడు" అన్నందుకా, "బిడ్డా" అన్నందుకా? కొత్త సభ్యత్వాలు ఇప్పుడు లేవన్నారు, అంతే. నెల తర్వాత అదే సంఘంలో ఇంకో కొత్త బండికి నంబర్ దొరికింది. ఆ ఇంటిపేరు ఎవరూ అడగాల్సిన అవసరం రాలేదు.

తర్వాత అతను బ్రోకర్ల చుట్టూ తిరిగాడు. సీరియల్‌లో ఉన్న బండికంటే తక్కువ కిరాయి, అందులో కమీషన్, అడ్వాన్స్ డీజిల్‌కే సరి, బ్యాలెన్స్ కోసం పది ఫోన్లు. లారీ ముందు అద్దం పైన "జై భీమ్" అని రాయించుకున్నాడు. "ఆ రాత తీసేస్తే పార్టీలు ధైర్యంగా లోడు ఇస్తరు" అన్నాడు ఒక బ్రోకర్, మేలు కోరి చెప్తున్నట్టు. ఒకరోజు మీరే హైవే పక్కన నిలబడి లారీల ముఖాలు చదవండి. దేవుళ్ళ పేర్లు, ఊరి పేర్లు, కులం తోకలు పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంటాయి. వాటి వల్ల ఏ పార్టీకీ ధైర్యం తగ్గదు.

ఇది కొత్త కథ కాదు. బాబాసాహెబ్ "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో రాసుకున్న అనుభవాల్లో రెండు బండ్ల మీదే జరుగుతాయి. 1901లో మసూర్ స్టేషన్‌లో దిగిన పసివాడు అంబేద్కర్‌కూ వెంట ఉన్న పిల్లలకూ బండి దొరకదు. మహార్ పిల్లలని తెలిసి ఏ బండివాడూ రాడు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకుంటాడు, ఒక షరతు మీద: బండి పిల్లలే తోలుకోవాలి, అతను పక్కన నడుస్తాడు. 1929లో చాలీస్‌గావ్‌లో అప్పటికే పెద్ద చదువులు చదివి, ప్రభుత్వ కమిటీ పని మీద తిరుగుతున్న అంబేద్కర్‌ను టాంగాలో ఎక్కించుకుని నడపడానికి టాంగావాళ్ళెవరూ ఒప్పుకోరు. టాంగా మాత్రం అద్దెకిస్తారు. తోలడం చేతకాని మన మనిషే తోలుతాడు. వంతెన దగ్గర బండి పల్టీ కొట్టి బాబాసాహెబ్ కాలు విరుగుతుంది.

ఈ రెండూ ఎప్పుడూ అంటరానితనం గురించి పాఠంగానే చెప్తాం. ఈసారి రవాణా వ్యాపారం గురించి పాఠంగా చదవండి. డబ్బు తీసుకున్నారు, అదీ రెట్టింపు. బండి ఇచ్చారు. కలిసి కూర్చోవడం, చేతులు కలపడం మాత్రం ఇవ్వలేదు. దెబ్బ తగిలింది ఎవరికి? ఎక్కినవాడికీ తోలినవాడికీ. బండి అద్దెకిచ్చినవాడి కులం క్షేమం. అదే అంబేద్కర్ విదేశం నుంచి తిరిగొచ్చిన కొత్తలో షేర్ల మీద సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టుకున్నాడు. సలహా ఇచ్చేది మహార్ అని తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. లోకంలోనే పెద్ద విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివిన మనిషికి జరిగింది ఇది. అర్హత తక్కువయ్యా? మార్కెట్‌కు కులం కనబడదని ఎవరైనా మీకు చెప్తే ఈ ఒక్క సంగతి అడగండి.

తెలుగు సాహిత్యం చెప్పే ఉద్యోగం కాబట్టి ఒక పక్క మాట. బోయి భీమన్న "పాలేరు" నాటకంలో పాలేరు చదువుకుని ఎదుగుతాడు. ఆ తరం కల అది, చదువు అధికారాన్నిస్తుందని. ఈ తరానికి ఇంకో కల అమ్ముతున్నారు, బండి ఆస్తినిస్తుందని. మొదటి కలకు వెనక రిజర్వేషన్ ఉంది, రాజ్యాంగం రాసిచ్చిన సీటు ఉంది. రెండో కలకు వెనక ఏముంది?

తీసుకోండి, ఆంధ్రప్రదేశ్ రేషన్ బండ్లు. 2021 జనవరి 21న విజయవాడలో అప్పటి ముఖ్యమంత్రి జెండా ఊపి ప్రారంభించారు. రాష్ట్రమంతా కలిపి 9,260 బండ్లు. అందులో ఎస్సీలకు 2,300, ఎస్టీలకు 700, మిగతావి బీసీ, ఈబీసీ, మైనారిటీ యువతకు. ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ పథకంలో బండితోపాటు లోడు కూడా ఇచ్చారు. ప్రభుత్వ బియ్యమే లోడు, నెలనెలా పని. అందుకే అది నాలుగేళ్ళు నడిచింది. కానీ ఆ లోడు మీద మనవాడికి హక్కు లేదు, ప్రభుత్వం దయ మాత్రమే. 2025 మేలో కొత్త ప్రభుత్వ మంత్రివర్గం ఒక్క నిర్ణయంతో ఆపేసింది. జూన్ 1 నుంచి సరుకు మళ్ళీ డీలర్ల షాపుకు. ఇంటింటికీ బియ్యం మంచిదా, షాపే మంచిదా అన్న చర్చ వేరు, దాంట్లోకి నేను పోను. రేషన్ పంచడానికి కట్టిన బాడీతో, కాటాతో ఉన్న బండి మర్నాడు ఏ మార్కెట్‌లో ఏ లోడు ఎత్తాలి? కలెక్టరేట్ ముందు రోజుల తరబడి కూర్చున్నవాళ్ళను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. వాళ్ళు ఏ పార్టీవాళ్ళని మాత్రం అడిగారు.

తెలంగాణ సంగతి. 2021 ఆగస్టు 16న హుజూరాబాద్‌లో దళిత బంధు మొదలుపెట్టారు. కుటుంబానికి 10 లక్షలు, బ్యాంకు అప్పుతో ముడి లేకుండా. ఆ ముడి తెంచడం పెద్ద విషయం, నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. బ్యాంకు మేనేజర్ ముందు చేతులు కట్టుకోకుండా మనవాళ్ళ ఖాతాలో డబ్బు పడ్డ సందర్భాలు చరిత్రలో ఎన్ని? కానీ దరఖాస్తుల్లో బండ్లే బండ్లు. ఎందుకంటే ఆఫీసర్‌కు బండి తేలిక: షోరూం కొటేషన్, ఆర్సీ, ఫోటో, యూనిట్ గ్రౌండెడ్ అని రాసేస్తే ఫైలు మూత పడుతుంది. ఒకే మండలంలో ఒకేసారి అన్ని కార్లు, అన్ని ట్రాలీలు దిగితే కిరాయి ఏమవుతుందో ఆలోచించే బాధ్యత ఎవరిదీ కాదు. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది. 12 లక్షలిస్తామన్న మాట మేనిఫెస్టోలో ఉంది. ఎదురుచూస్తున్నాం.

ఇప్పుడు అందరికీ తెలిసి ఎవరూ రాయని సంగతి. బినామీ. ఊళ్ళో ఒక ఆసామి మనవాడి దగ్గరికొచ్చి "నీ కులం సర్టిఫికెట్, నీ సంతకం చాలు, మార్జిన్ మనీ నేను కడతా, నీకింత ఇస్తా" అంటాడు. సబ్సిడీ మనవాడి పేరున, బండి ఆసామి ఇంటి ముందు. మనవాడే దాని మీద డ్రైవర్‌గా చేరిన ఊళ్ళూ ఉన్నాయి, తన సొంత బండి మీద తాను జీతగాడు! తమ్ముళ్ళూ, ఇందులో పోయేది ఆత్మగౌరవం ఒక్కటే కాదు. నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బండి చేతులు మారి ఎవరి దగ్గరున్నా, ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనర్, యాక్సిడెంట్ నష్టపరిహారానికి వాళ్ళదే బాధ్యత. ఆసామి ఇన్సూరెన్స్ కట్టడం మర్చిపోయిన ఏడాది ఎవరినైనా గుద్దితే ట్రిబ్యునల్ డిక్రీ మీ ఇంటి తలుపుకు అంటిస్తారు. ఇరవై వేలకు పేరు అద్దెకిచ్చి లక్షల అప్పు కొనుక్కోవడం అది. అక్కచెల్లెళ్ళకు మరీ చెప్తున్నా, మహిళా కోటా అని ఇంట్లోవాళ్ళే మీ చేత సంతకం పెట్టిస్తారు. ఆర్సీ, ఇన్సూరెన్స్, పర్మిట్ ఒరిజినల్స్ మీ పెట్టెలో ఉంటేనే పెట్టండి.

ఫైనాన్స్ గురించి కూడా ఒక్క మాట. వాయిదా తప్పితే బండి గుంజుకోవడానికి రౌడీలను పంపకూడదని 2007లోనే ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు బ్యాంకును మందలించింది. ఒక పరిమితి దాకా చిన్న పరిశ్రమల అప్పుకు బ్యాంకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. 2016లో మొదలై 2025 దాకా నడిచిన స్టాండప్ ఇండియా ప్రకారం ప్రతి బ్యాంకు బ్రాంచీ కనీసం ఒక ఎస్సీకో ఎస్టీకో 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇవ్వాల్సి ఉండేది. మీ ఊరి బ్రాంచీ ఆ ఒక్కరికి ఎప్పుడైనా ఇచ్చిందా? ఆ ఒక్కరెవరు?

ఇక మనలోంచే వచ్చే రెండు వాదనలు. మొదటిది దళిత పారిశ్రామికవేత్తలది. డిక్కీ 2005లో పుట్టింది. ఉద్యోగాలు అడుక్కోవద్దు, ఇచ్చేవాళ్ళుగా ఎదుగుదాం అంటారు. వాళ్ళ కష్టం మీద నాకు గౌరవముంది. కానీ పెట్టుబడి దొరికితే మార్కెట్ కులాన్ని కరిగిస్తుందనే నమ్మకం మీద లేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ చిన్న సంస్థల నుంచి కొనాలని 2012 నుంచి విధానం ఉంది. అమలు దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. చట్టం చేతిలో ఉన్న ప్రభుత్వ సంస్థే మన దగ్గర కొనకపోతే సిమెంట్ ఫ్యాక్టరీ గేటు దగ్గరి బ్రోకర్ కొంటాడా?

రెండో వాదన వామపక్ష మిత్రులది. "డ్రైవర్లుగా యూనియన్ పెట్టుకోవాలి గానీ ఓనర్లు కావాలనడం పెట్టుబడిదారీ భ్రమ" అంటారు. కామ్రేడ్, ఒక లారీ ఉన్నవాడు పెట్టుబడిదారా? తనే డ్రైవర్, తమ్ముడే క్లీనర్, పుస్తెలు తాకట్టులో, టైరు పేలితే నెల వాయిదా పోయినట్టే. అతను అప్పుకు కట్టుబడ్డ కూలీ. తేడా ఒక్కటే, "మీ నాయన ఫలానా ఆయన దగ్గర చేసేటోడు గదా" అన్నప్పుడు లేచి బయటికి రాగలడు. ఆ లేచి రావడం విలువ తరతరాలుగా బండి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళకు లెక్కలో కనబడదు. యూనియన్ కావాలి, తప్పకుండా కావాలి. మరి లారీ ఓనర్ల సంఘం కూడా యూనియనే కదా? ఆ సీరియల్ పుస్తకంలో మనకు నంబర్ ఎందుకు లేదని ఏ ట్రేడ్ యూనియన్ ఇప్పటిదాకా ధర్నా చేసింది?

కాబట్టి మన డిమాండ్ బండి కాదు. లోడు. లోడులో వాటా.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. పెట్రోలు, డీజిల్ మోసే ట్యాంకర్ల కాంట్రాక్టుల్లో ప్రభుత్వ చమురు కంపెనీలు ఎస్సీ, ఎస్టీలకు కోటా పెట్టి టెండర్లు పిలుస్తున్నాయి. అంటే లోడులో రిజర్వేషన్ ఈ దేశంలో ఇప్పటికే ఉంది. అక్కడా బినామీలు చొరబడ్డారు, అది వేరే పోరాటం. 2002 జనవరిలో భోపాల్ డిక్లరేషన్ ప్రభుత్వ కొనుగోళ్ళలో దళితులకు వాటా అడిగింది. కర్ణాటక చట్టం చేసి 50 లక్షల లోపు పనుల్లో ఎస్సీలకు 17.15 శాతం, ఎస్టీలకు 6.95 శాతం కేటాయించింది, తర్వాత ఆ పరిమితి పెంచుతూ పోయింది. తెలంగాణలో 2021లో మద్యం దుకాణాల్లో 10 శాతం ఎస్సీలకు ఇచ్చారు. బ్రాందీ షాపు మీద కదిలిన కలం బియ్యం బస్తా మీద కూడా కదలాలి.

ధాన్యమే తీసుకోండి. ప్రతి సీజన్‌లో పేపర్ చూస్తూనే ఉంటాం. కొనుగోలు కేంద్రంలో కాంటా అయిపోయింది, లారీలు రాలేదు, వాన పడింది, వడ్లు మొలకెత్తాయి, రైతులు రోడ్డు మీద బైఠాయించారు. అదే మండలంలో మనవాడి డీసీఎం లోడు లేక చింతచెట్టు కింద నిలబడి ఉంటుంది. రెండింటికీ మధ్య అడ్డం ఎవరు? జిల్లా రవాణా టెండర్ దక్కించుకున్న కాంట్రాక్టర్. టెండర్‌లో అనుభవం అడుగుతారు, టర్నోవర్ అడుగుతారు, ధరావతు అడుగుతారు. కిందటేడు అవకాశం రానివాడికి అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుంది? గెలిచినవాడు చాలాచోట్ల తన లారీలు పెట్టడు, బయటి బండ్లను తక్కువ కిరాయికి పిలుస్తాడు, అదీ తన వాళ్ళవే. ఆ టెండర్‌ను మండలాల వారీగా విడగొట్టి, ఎస్సీ, ఎస్టీ లారీ ఓనర్ల సహకార సంఘాలకు వాటా రాసి, అనుభవం నిబంధన తీసేయడానికి ప్రభుత్వానికి రూపాయి అదనపు ఖర్చు లేదు. కల్లంలో వడ్లు తడవకపోతే రైతుకూ మేలే. ఈ విషయంలో రైతు సంఘాలతో కలిసి నడవగలం, నడవాలి.

బిల్లుల సంగతి కూడా టెండర్‌లోనే రాయించుకోవాలి. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెప్తోంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటేనే ఆ చట్టం పట్టుకోగలం, అది ఆన్‌లైన్‌లో ఉచితం, బండి ఉన్న ప్రతివాడూ ఈ వారమే చేయించుకోండి.

ఈ నెల మనం చేయాల్సింది ఒకటుంది. ప్రతి జిల్లాలో ఇద్దరు విద్యార్థులు ముందుకు రండి. జిల్లా పౌర సరఫరాల కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు, ఫీజు 10 రూపాయలు. అడగాల్సినవి: గత 5 ఏళ్ళలో ధాన్యం, బియ్యం రవాణా కాంట్రాక్టు ఎవరెవరికి ఇచ్చారు; టెండర్ నిబంధనల పూర్తి ప్రతి; ఒక్కో సీజన్‌లో వాడిన లారీల నంబర్ల జాబితా; కాంట్రాక్టర్‌కు చెల్లించిన రేటు; ఎస్సీ, ఎస్టీ కాంట్రాక్టర్లు ఎందరు. లారీ నంబర్లు తప్పకుండా అడగండి. ఓనర్ పూర్తి పేరు పోర్టల్‌లో కనబడకపోయినా, ఏ బండి ఎవరి తాలూకో మన డ్రైవర్లకు నోటికొచ్చు. వాళ్ళ పక్కన కూర్చుని ఆ జాబితా నింపండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి, ఆ నమూనా నేను రాసి పంపుతాను. వచ్చిన జవాబులన్నీ జిల్లాల వారీగా 11వ భాగంలో పెడదాం. 10వ భాగంలో హమాలీల గురించి రాస్తాను, ఎందుకంటే ఆ లోడు లారీలోకి ఎక్కేది వాళ్ళ వీపు మీద నుంచే.

జై భీమ్.